ఇస్తాంబుల్ గైడూ, తంగెళ్ళమూడి ముడీ

ముందు ఖర్చు సంగతి చెప్పేస్తాను. ఇస్తాంబుల్‌లో ఒక రోజంతా మనకోసమే గైడుని మాట్లాడుకోవాలంటే మా దగ్గర 200 యూరోలు తీసుకున్నారు. అందులో కారు లేదు, టికెట్లు లేవు, భోజనం లేదు. మనిషి వెంట నడిచి మాట్లాడినందుకే ఆ డబ్బు. గుంపుతో వెళ్తే చాలా చవక. కానీ అమ్మ మోకాళ్ళతో, జెండా ఎత్తి పట్టుకుని ముందు పోయే గైడు వెనక పరిగెత్తడం కుదిరే పని కాదు. మనిద్దరమే అయితే ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ కూర్చోవచ్చు అని నాకు నేనే సర్దిచెప్పుకుని బుక్ చేశాను. అమ్మకి మాత్రం సగం రేటే చెప్పాను.

గైడు యాభై దాటిన మనిషి. టర్కీలో గైడుగా పనిచేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, ఆ కార్డు మెడలో వేసుకోవాలి. ఈయన మెడలో ఉంది. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు, నవ్వుతూ మాట్లాడతాడు. అమ్మ చేతిలో సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. అంతే, అమ్మ దృష్టిలో మంచివాడైపోయాడు.

సిర్కెజీలో మా హోటలు. టీ1 ట్రాములో కిక్కిరిసిన జనం మధ్య సుల్తానహ్మెత్ చేరాం. అక్కడ ఒకప్పుడు రథాల పందేలు జరిగిన మైదానం, ఇప్పుడు ఖాళీ చౌకు. మధ్యలో ఈజిప్టు నుంచి తెచ్చి 390లో నిలబెట్టిన రాతి స్తంభం. దాని పక్కనే మెలితిరిగిన కంచు పాముల స్తంభం. క్రీస్తుపూర్వం 479లో పర్షియన్ల మీద గెలిచిన గ్రీకులు డెల్ఫీలో పెట్టుకున్నదాన్ని ఇక్కడికి పట్టుకొచ్చారట. పాముల తలకాయలు ఎప్పుడో విరిగిపోయాయి. 532లో ఇదే మైదానంలో మొదలైన అల్లర్లలో 30,000 మంది చచ్చిపోయారని గైడు చెప్తుంటే అమ్మ నిలబడ్డ చోటునుంచి రెండడుగులు పక్కకి జరిగింది.

చర్చిగా కట్టి, తర్వాత మసీదు, ఆ తర్వాత మ్యూజియం అయిన అయా సోఫియాకి మనిషికి 25 యూరోలు. మన డబ్బులో రెండు వేలు దాటిపోతుంది. అదీ పై అంతస్తు చూడడానికే. 2020లో మళ్ళీ మసీదు చేశారు, 2024 నుంచి కింది హాలు నమాజుకి వచ్చేవాళ్ళకి వదిలేశారు, విదేశీ టూరిస్టులు పైనుంచి తొంగి చూడాలి. గేటు దగ్గర ఆడవాళ్ళకి తలమీద కప్పుకునే గుడ్డలు అమ్ముతున్నారు. నేను కొనుక్కున్నాను. అమ్మ చీర చెంగు తలమీదకి లాక్కుని నావైపు చూసింది. ఏమీ అనలేదు, అననక్కర్లేదు కూడా.

పైకి మెట్లు ఉండవు, అది ఒక్కటి నాకు నచ్చింది. గోడల మధ్య మెలికలు తిరుగుతూ రాళ్ళు పరిచిన ఏటవాలు దారి. పల్లకీల్లో రాణుల్ని ఇలాగే మోసుకెళ్ళేవారట. అమ్మ గోడ పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కేసింది. పైన నిలబడి చూస్తే మాత్రం 25 యూరోల సణుగుడు కాసేపు మర్చిపోయాను. 31 మీటర్ల వెడల్పున్న గుమ్మటం, నేలనుంచి 55 మీటర్ల ఎత్తున, కింద స్తంభమే లేనట్టు ఉంటుంది. అంచు చుట్టూ 40 కిటికీలు, వాటిలోంచి వెలుతురు. ఇంతదాన్ని జస్టీనియన్ చక్రవర్తి ఆరేళ్ళు తిరక్కుండా 537కల్లా కట్టించేశాడు. తొందరపడ్డ పనికి తగ్గట్టే 558లో గుమ్మటం కూలింది. మళ్ళీ ఇంకా ఎత్తుగా కట్టారు.

గైడు నిజంగా పనికొచ్చింది ఇక్కడే. దక్షిణం వైపు వసారాలో గోడమీద బంగారు రంగు మొజాయిక్కులో మధ్యన క్రీస్తు, ఒక పక్క జోయీ మహారాణి, ఇంకో పక్క డబ్బుమూట పట్టుకున్న ఆమె భర్త. ఆయన మూడో భర్త. బొమ్మ మొదట వేయించినప్పుడు అక్కడ ఉన్నది మొదటి భర్త అయి ఉంటాడని పండితులు అంటారు. తర్వాత తలకాయ ఊడదీసి కొత్త తలకాయ, పేరు చెరిపి కొత్త పేరు పెట్టారు. మెడ దగ్గర రాళ్ళ వరస తేడాగా ఉందని గైడు వేలితో గాల్లో గీసి చూపించాడు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను.

"మొగుడు మారినప్పుడల్లా బొమ్మంతా కొత్తగా వేయించకుండా తలకాయ ఒక్కటీ మార్పించిందన్నమాట. పొదుపు మనిషి," అంది అమ్మ.

గైడుకి ఇంగ్లీషులో చెప్తే పడీపడీ నవ్వాడు. తర్వాతివాళ్ళకి ఇదే జోకు వేస్తాడు, నాకు అనుమానం లేదు.

కానీ అమ్మ ఎక్కువసేపు చూసింది జోయీని కాదు. పిట్టగోడ మీదనుంచి వంగి కింద హాలంతా పరిచిన ఆకుపచ్చ తివాచీని చూస్తూ నిలబడింది. అతుకులు ఎక్కడున్నాయో వెతుకుతోంది. ఆ తర్వాత వెళ్ళిన బ్లూ మసీదులోనూ అంతే. 20,000కి పైగా ఇజ్నిక్ ఊరి రంగు పింగాణీ పలకలు, ఆరు మినార్లు, సుల్తాన్ అహ్మద్ అని గైడు ఏకరువు పెడుతుంటే ఈవిడ చెప్పులు సంచిలో పెట్టుకుని, కిందకి వంగి తివాచీని అరచేత్తో రుద్దింది. "మిషనుది," అని లేచింది. గైడు అది చూశాడు. అప్పుడే నాకు అర్థం కావలసింది.

బసిలికా సిస్టర్న్ మానేశాం. భూమిలోపల 336 స్తంభాల నీటి తొట్టి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది కానీ 52 రాతి మెట్లు దిగాలి, ఎక్కాలి. భోజనానికి కిటికీ దగ్గర కూర్చుని ఒకామె అప్పటికప్పుడు ఒత్తి కాలుస్తున్న గోజ్లెమె రొట్టెలు తిన్నాం, లోపల పాలకూర. పర్వాలేదు. బిల్లు మాత్రం బంగారం ధర.

తిన్నాక గైడు గొంతు మారింది. "దగ్గర్లో నాకు తెలిసినవాళ్ళ తివాచీల కొట్టుంది. ఏమీ కొనక్కర్లేదు. అయిదు నిమిషాలు. ఏసీలో కూర్చుంటే మదర్ మోకాళ్ళకి రెస్టు. పైగా ఆవిడకి తివాచీలంటే ఇష్టం, పొద్దున్నుంచీ చూస్తున్నాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గుంపు టూరు వద్దని ఇంత డబ్బు పోసింది ఇందుకేగా! గైడు తీసుకొచ్చినవాళ్ళు కొంటే అందులో అతనికి వాటా ఉంటుందని ప్రయాణాలు చేసే ఎవరికైనా తెలుసు. మొహమాటం లేకుండా వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోగా అమ్మ, "కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా అడుగు," అంది.

కుర్చీ కాదు, మెత్తటి బల్లలు. గోడల వెంట కూర్చోబెట్టి, నడుము సన్నంగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో యాపిల్ టీ పెట్టారు. తెల్ల చొక్కా అతను వచ్చి పాఠం మొదలుపెట్టాడు. ఒక గిన్నెలో నీళ్ళలో నానేసిన పట్టుగూళ్ళు, వాటినుంచి దారం తీసి చూపించడం. మంజిష్ఠ జాతి వేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం. హెరెకె అనే ఊరు, సుల్తాను డోల్మబాచె రాజభవనం కోసం అక్కడ నేయించిన తివాచీలు. ఈలోగా ఇద్దరు కుర్రాళ్ళు చుట్టలు మోసుకొచ్చి ఒకటి తర్వాత ఒకటి మా కాళ్ళముందు ధభీమని పరుస్తున్నారు. పట్టుచీరల కొట్టులో కొనేదాకా కుర్రాడు చీరలు విప్పి పరుస్తూనే ఉంటాడు చూడండి, అదే వరస. వద్దంటే ఇంకో పది పడతాయి. చిన్నదొక పట్టు తివాచీని గాల్లోకి ఎగరేసి తిప్పితే ఇటునుంచి లేత నీలంగా ఉన్నది అటునుంచి ముదురు నీలం అయింది. నాలుగు వేల డాలర్లు, పంపించే ఖర్చు వాళ్ళదే అన్నాడు.

నేను గడియారం చూసుకుంటున్నాను. అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టి కిందకి దిగి కూర్చుంది. మోకాలి నొప్పి మనిషి నేలమీద చతికిలబడింది! తివాచీ మూల పట్టుకుని వెనక్కి తిప్పి, గోరుతో వరసలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ముడి ఒక పోగుకి వేస్తారా, రెండు పోగులకా? అడుగు."

అడిగాను. తెల్ల చొక్కా అతను ఆగిపోయాడు. టర్కీ ముడి పడుగులో, అంటే మగ్గం మీది నిలువు దారాల్లో, రెండు పోగుల్నీ కలిపి చుడుతుంది, అందుకే గట్టి అని మామూలుగా చివర్లో గొప్పగా చెప్పే మాట ఆవిడ ముందే అడిగేసింది. "మావాళ్ళు ఒక పోగుకి చుట్టి, పక్క పోగు కిందనుంచి లాగేవాళ్ళు," అంది అమ్మ.

మావాళ్ళంటే ఏలూరు తంగెళ్ళమూడివాళ్ళు. ఏలూరు తివాచీలు తెలియనివాళ్ళుండరు గానీ, మా అమ్మ ఆ మగ్గాల మధ్య పెరిగిందని నాకూ మాటవరసకే తెలుసు. పర్షియా నుంచి దక్కనుకి వచ్చిన నేతగాళ్ళ దగ్గర మొదలైన పని అది అంటారు. అమ్మ వాళ్ళింటి వెనక సందులో నిలువు మగ్గం ముందు పలకమీద వరసగా కూర్చుని నేసేవారట. రంగు వేసిన ఉన్ని చిలపలు దండేలమీద ఆరుతుంటే వాటికింద ఆడుకునేవాళ్ళట. ఉన్ని దుమ్ముకి అందరికీ దగ్గు. ముడి వేయడం, కత్తితో దారం తెంపడం, వరస పూర్తయ్యాక ఇనప పంజాతో దెబ్బలు వేసి బిగించడం. ఆ పంజా చప్పుడు ఆగితే మధ్యాహ్నం అన్నం వేళ అయిందని తెలిసేదట. ఇవన్నీ నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. ఇస్తాంబుల్‌లో ముక్కూమొహం తెలియని కొట్టువాడికి చెప్పమని నన్ను అనువాదానికి కూర్చోబెట్టింది.

మూలన చూపించడానికి పెట్టిన మగ్గం మీద ఒకమ్మాయి పనిచేస్తోంది. అమ్మ లేచి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఆ పిల్ల ఏమీ అడక్కుండా ఎర్ర దారం చేతికిచ్చింది. అమ్మ వేళ్ళు మొదట తడబడ్డాయి, దారం జారింది. రెండోసారి పడింది. ఆ అమ్మాయి చూసి నవ్వి, తల అడ్డంగా ఊపి, ఆ ముడి విప్పేసి తమ పద్ధతిలో రెండు పోగులకీ చుట్టి చూపించింది. అమ్మ అది చేసింది. మళ్ళీ తన పద్ధతిలో ఇంకోటి వేసి, ఏది ముందు అయిందో చూడమన్నట్టు ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవదు. నేను ఫోను తీయబోతే "ఫోటోలొద్దు, దారం చూడనీ," అని కసిరింది.

తెల్ల చొక్కా అతను వ్యాపారం మానలేదు, అది అతని వృత్తి. "ఇంత తెలిసినావిడ ఒట్టి చేతులతో వెళ్తారా" అని మెట్ల దగ్గర పేర్చిన చిన్నవి చూపించాడు. చేత్తో చేసినవే, చవక అన్నాడు. అమ్మ ఒకటి తీసి చివర కుచ్చుల్ని పట్టుకుని లాగి చూసింది. చేత్తో నేసినదానికి పడుగు పోగులే చివర కుచ్చులవుతాయి. దీనికి విడిగా కుట్టారు, కుట్టు కనబడుతోంది. అమ్మ ఏమీ అనకుండా ఆ కుట్టు మీద వేలు పెట్టి అతనికి చూపించి, మడతపెట్టి యథాస్థానంలో పెట్టేసింది. అవి సావనీర్ల కోసమని అతనేదో గొణిగాడు. మా గైడు బయట మెట్లమీద నిలబడి ఫోనులో చాలా బిజీగా ఉన్నాడు.

అయిదు నిమిషాలన్నది గంటన్నర దాటింది. దాని దెబ్బ టోప్‌కాపీ ప్యాలెస్ మీద పడింది. నాలుగు వందల ఏళ్ళు సుల్తానులు కాపురం ఉన్న కోటని సెలవు ముందు రోజు బడిపిల్లల్లా చూశాం. గైడు వాక్యాలు సగం సగం మింగేస్తున్నాడు. హరెం, అదే రాణివాసం, చూడలేదు. ఖజానాలో 86 క్యారెట్ల వజ్రం ముందు జనం తోపులాటలో ఎవరిదో భుజం చూశాను. అమ్మ హాయిగా తోటలో చెట్టుకింద బెంచీమీద కూర్చుంది. కోపం నాకొక్కదానికే.

సాయంత్రం గైడుకి టిప్పు ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. అమ్మ ఊరుకోలేదు.

"మనవల్ల ఇవాళ ఆయనకి కమీషను రూపాయి రాలేదు కదే. ఇవ్వు."

"కమీషను కోసం మన టైము తినేశాడమ్మా."

"నీ టైము. నా టైము కాదు."

ఇచ్చాను. ఇరవై యూరోలు. ప్రైవేటు గైడుని మాట్లాడుకునేవాళ్ళు బుక్ చేసేటప్పుడే షాపులు వద్దని రాతపూర్వకంగా పెట్టండి, మాటమీద వదిలేయకండి. మీ వెంట తంగెళ్ళమూడివాళ్ళు ఉంటే మీ ఇష్టం.

ఇంకా పెద్ద మంట రాత్రి హోటల్లో ఫోను చూస్తుంటే మొదలైంది. రథాల మైదానం పక్కనే, ఇబ్రహీం పాషా భవనంలో టర్కీ, ఇస్లాం కళల మ్యూజియం ఉంది. ప్రపంచంలోకెల్లా గొప్ప తివాచీల సేకరణల్లో ఒకటి. 13వ శతాబ్దంలో సెల్జూకు సుల్తానుల కాలంలో నేసి, కొన్యా ఊళ్ళో మసీదులో పరిచినవి కూడా ఉన్నాయి. మా గైడు దానికి వీపు ఆనించినంత పని చేసి పాముల స్తంభం గురించి చెప్పాడు. తివాచీలంటే ఇష్టమున్న మనిషిని అక్కడికి తీసుకెళ్ళాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది, మ్యూజియం వాటా ఇవ్వదుగా.

మర్నాడు పొద్దున్నే ట్రాములో మేమిద్దరమే వెళ్ళాం. టికెట్ అయా సోఫియాకంటే తక్కువ, జనం లేరు, గదినిండా పై కప్పునుంచి వేలాడే తివాచీలు. అమ్మ ఒక్కోదాని ముందూ ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి, తల ఒంచి వెనక్కి తొంగిచూసే ప్రయత్నంలో ఉంది. కాపలా అతను వచ్చి దూరం జరగమని మర్యాదగా సైగ చేశాడు. జరిగింది. అతను అటు తిరగ్గానే మళ్ళీ వంగింది. మూడో గదికొచ్చేసరికి అతను కుర్చీ తెచ్చుకుని మా పక్కనే వేసుకుని కూర్చున్నాడు.