పిల్లలు లేకుండా వెళ్తే లోపలికి రానివ్వని పార్కు

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో ఉండే మనవాళ్ళు పిల్లల్ని కారెక్కించుకుని ఆరేసి గంటలు నడుపుకుంటూ డిస్నీలాండ్‌కి పోతారు గానీ, పక్కనే ఓక్లాండ్‌లో ఉన్న చిల్డ్రన్స్ ఫెయిరీల్యాండ్ అనే పిల్లల పార్కు సంగతి అడిగితే చాలామంది అదెక్కడ అంటారు. నిజానికి ఇదే ముందు పుట్టింది. డిస్నీలాండ్ 1955లో వస్తే ఫెయిరీల్యాండ్‌ని 1950 సెప్టెంబరు 2న తెరిచారు. తన పార్కు కోసం ఐడియాలు వెతుక్కుంటూ వాల్ట్ డిస్నీ ఇక్కడికీ వచ్చి చూసిపోయారు, అంతటితో ఊరుకోకుండా ఇక్కడి మొదటి డైరెక్టర్ డొరోతీ మేన్స్‌ని తన దగ్గర ఉద్యోగంలోకి తీసుకున్నారు కూడా.

దీన్ని మొదలుపెట్టింది ఆర్థర్ నావ్లెట్ అనే మొక్కల నర్సరీ వ్యాపారి. డెట్రాయిట్‌లో పిల్లల జూ ఒకటి చూశాడాయన, అందులో చిన్నపిల్లల పాటల్లోని బొమ్మలు పెట్టారు. ఇలాంటివే ఇంకాస్త పెద్దగా, పిల్లలు లోపలికి దూరి ఎక్కి దిగి ఆడుకునేలా కడితే ఎలా ఉంటుందనిపించి, ఊళ్ళోని లేక్ మెరిట్ బ్రేక్‌ఫస్ట్ క్లబ్ అనే సేవాసంఘం వాళ్ళని ఒప్పించి డబ్బు పోగు చేయించాడు. విలియం రసెల్ ఎవెరిట్ అనే ఆర్కిటెక్ట్ బొమ్మల ఇళ్ళకి డిజైన్లు గీశాడు. లోపలికి వెళ్ళే దారే ఒక పెద్ద బూటు, పిల్లలు గబగబా దూరిపోతారు, మనమే నడుం వంచాలి. పిల్లలు వెంట లేని పెద్దవాళ్ళకి మామూలు రోజుల్లో ప్రవేశం లేదు, పెద్దవాళ్ళు లేకుండా పిల్లలకీ లేదు. నాకు తెగ నచ్చిన రూలు ఇది.

తర్వాత పెరిగింది కూడా మెల్లగానే. 1956లో తోలుబొమ్మల్లాంటి పప్పెట్ల కోసం ఒక చిన్న థియేటర్ వచ్చింది, అది ఈనాటికీ నడుస్తోంది. స్టార్ వార్స్ సినిమాల్లో యోడా బొమ్మని ఆడించిన ఫ్రాంక్ ఆజ్ లాంటి పెద్ద పేరున్న కళాకారుడు కుర్రాడిగా ఉన్నప్పుడు ఇక్కడే పని నేర్చుకున్నాడు. ఆ దశాబ్దం చివర్లో బ్రూస్ సెడ్లీ అనే టీవీ మనిషి తయారుచేసిన మ్యాజిక్ కీ వచ్చింది. ప్లాస్టిక్ తాళంచెవి కొనుక్కుని అక్కడక్కడా ఉన్న పెట్టెల్లో పెట్టి తిప్పితే కథో పాటో వినిపిస్తుంది. అమ్మానాన్నలు చిన్నప్పుడు కొనుక్కున్న తాళంచెవితో ఇప్పుడు వాళ్ళ పిల్లలు కథలు వింటున్నారు! ఏటా ఫోన్ మార్చే కాలంలో ఇదొక వింత.

డబ్బు గొడవ మాత్రం ఎప్పుడూ ఉన్నదే. మొదట్లో ఊరి పార్కుల శాఖే చూసుకునేది, 1994 నుంచి ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. కాబట్టి ఇక్కడ రిపేరు అంటే బుల్‌డోజర్ తెచ్చి అంతా కూల్చి కొత్తది కట్టడం కాదు, ఉన్న బొమ్మకే పగుళ్ళు పూడ్చి, రంగులేసి, కాస్త ఎండకీ వానకీ ఆగేలా చేసుకోవడం. కొందరికి పాతబడిపోయినట్టు కనిపించొచ్చు. నాకు మాత్రం ఆ పాత సిమెంటు బొమ్మలు, వంకరటింకర ఇళ్ళు చూస్తే, మన మునిసిపల్ పార్కుల్లో నాలుగేళ్ళకోసారి టెండరు పిలిచి తెచ్చే, అన్ని ఊళ్ళలో ఒకేలా ఉండే ఎర్ర-పసుప్పచ్చ ప్లాస్టిక్ జారుడుబల్లల మీద కోపమొస్తుంది.

అసలు నాకు ఆసక్తి కలిగించింది ఇంకోటి. మొదట్లో ఎక్కువగా యూరప్ నుంచి వచ్చిన కథలూ పాటలూ అయితే, తర్వాత్తర్వాత పశ్చిమ ఆఫ్రికా కథల్లోని జిత్తులమారి సాలీడు అనాన్సీ పేరుతో కూడా ఒక రైడ్ పెట్టారు. నా లెక్కలో పార్కు పెరగడమంటే స్థలం పెరగడం కన్నా ఇదే పెద్ద విషయం, ఎవరెవరి కథలకి చోటిచ్చారన్నది. అలా ఆలోచిస్తే మన దగ్గర పిల్లలు దూరి ఆడుకోవడానికి పేదరాశి పెద్దమ్మ ఇల్లు ఒక్కటి కట్టడానికి ఎంతవుతుంది? నాలుగు మట్టిగోడలు, ఒక అరుగు, లోపల గాడిపొయ్యి, మీట నొక్కితే పెద్దమ్మ గొంతు. తెనాలి రామకృష్ణుడి పిల్లి ఉంది, పరమానందయ్య శిష్యులున్నారు, సరుక్కి కొదవేం లేదు. ఈ మధ్య కమ్యూనిటీ గ్రూపుల్లో ఈ మాటంటే అందరూ లైకులు కొడతారు, ఎవరూ ముందుకు రారు, సరే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట: ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే సాయంత్రం దాకా పొద్దు తెలీదు. పదేళ్ళవాణ్ణి తీసుకెళ్తే పావుగంటలో బోర్ అంటాడు, వాడికి బయట లేక్ మెరిట్ చెరువులో బాతులు చూపించండి.