నైరోబీలో విప్పిన బిల్లు, కంపాలాలో కట్టిన పన్ను

నైరోబీ మటాటులో, అంటే అక్కడి ప్రైవేటు మినీబస్సులో, చార్జీకి జేబులో చిల్లర అక్కర్లేదు. కండక్టర్ చెప్పిన నంబరుకు, ఫోన్లోంచే డబ్బు పంపే ఎం-పెసాలో చార్జీ పంపితే, మెసేజ్ చూసుకుని తలూపుతాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడది బటన్ల ఫోన్. నెట్ లేదు, యాప్ లేదు. నాలుగంకెల పిన్ కొట్టి పని కానిచ్చేసింది. మనకు యూపీఐ వచ్చింది 2016లో. కెన్యాలో ఎం-పెసా 2007 నుంచే నడుస్తోంది.

కెన్యా 2024 ఆర్థిక బిల్లు చెయ్యి పెట్టింది సరిగ్గా ఇక్కడే. ఫోన్లో డబ్బు పంపే రుసుముపై సుంకం 15 నుంచి 20 శాతానికి, బ్రెడ్డుపై 16 శాతం వ్యాట్. పార్లమెంటు వైపు నాతో నడిచిన ఓ విద్యార్థి అప్పటి టిక్‌టాక్ వీడియోలు చూపించాడు. ఒకమ్మాయి వంటగట్టు దగ్గర నిలబడి ఆ బిల్లును అక్కడి కికుయు భాషలో, ఇంట్లో మాట్లాడుకునే తీరులో విడమరిచి చెబుతోంది. కూరగాయల ధర చెప్పినంత మామూలుగా! మన బడ్జెట్‌ను కూడా అమ్మమ్మలకు ఎవరైనా ఇలా చెబితే ఎంత బాగుండునని మనసు కొట్టుకుంది.

బ్రెడ్డు పన్ను వెనక్కి తీసుకున్నా యువత ఆగలేదు. జూన్ 25న పార్లమెంటులోకి చొచ్చుకెళ్లారు. పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. మర్నాడే అధ్యక్షుడు రూటో బిల్లుపై సంతకం పెట్టనన్నారు. జులైలో ఎక్స్ (ట్విటర్)లో గొంతుతో మాట్లాడుకునే స్పేసెస్‌కు వచ్చి కుర్రకారు ప్రశ్నలకు జవాబులిచ్చారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆ విద్యార్థి గొంతులో గర్వం, దిగులు రెండూ వినిపించాయి.

బుసియా దగ్గర సరిహద్దు దాటితే ఉగాండా. ఇక్కడ కథ వేరు. 2018 జులై నుంచి వాట్సాప్, ఫేస్‌బుక్ తెరవాలంటే రోజుకు 200 షిల్లింగుల పన్ను కట్టాల్సి వచ్చింది. ఊసుపోక కబుర్లు తగ్గాలన్నది అధ్యక్షుడు ముసెవెనీ వాదన. పన్ను తప్పించుకోడానికి జనం వీపీఎన్‌లు, అంటే ఏ సైటు చూస్తున్నామో దాచే యాప్‌లు, పట్టుకున్నారు. 2021లో ఆ పన్ను పోయి, డేటా మీద 12 శాతం వచ్చింది. ఆ ఏడాది జనవరి ఎన్నికలకు నెట్టే ఆపేశారు. పౌరుడి నోరు మూయడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు, ఇంతకన్నా అన్యాయమూ లేదు.

కంపాలాలో చపాతీలో ఆమ్లెట్ చుట్టి ‘రోలెక్స్’ అమ్మే ఒకాయన్ని ఆ రోజుల గురించి అడిగాను. ఆయనకు 2016 ఎన్నికలు ఇంకా బాగా గుర్తు. అప్పుడు సోషల్ మీడియాతో పాటు మొబైల్ మనీ కూడా ఆగిపోయింది. అందుకే ఓటింగ్ దగ్గర పడుతుంటే ఫోన్లో ఉన్నదంతా ముందే నోట్లుగా మార్చుకుంటాడట. “పిండి కొట్టువాడికి డబ్బు చేతిలో పెట్టాలి కదా” అన్నాడు, పెనం మీద గుడ్డు పోస్తూ.