అరుగు మీద పెద్దావిడ

బస్సు చెడిపోవడంతో ఆ కొండ ఊళ్లో రెండు రోజులు ఉండిపోయాం. అక్కడి భాష నాకు ఒక్క ముక్క రాదు. మెడలో మాత్రం దూరంగా ఉన్నవాళ్లను దగ్గరగా చూపించే 70-200 జూమ్ లెన్స్ పెట్టిన కెమెరా ఉంది. అది ఉంటే ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు అనుకునేవాణ్ణి.

మొదటిరోజు సాయంత్రం ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని బుట్ట అల్లుతోంది. ఏటవాలు ఎండ ఆవిడ చెంప మీద పడుతోంది. వీధి అవతల గోడ పక్కన నిలబడి వరసగా నొక్కేశాను. నాలుగైదు క్లిక్కులయ్యాక ఆవిడ తలెత్తి సూటిగా నన్ను చూసింది. కోప్పడలేదు, అరవలేదు. అల్లుతున్న బుట్ట తీసుకుని అటు తిరిగి కూర్చుంది, అంతే.

రాత్రి గదిలో ఆ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఫోకస్ కంటి మీద కచ్చితంగా పడింది. కానీ ఆఖరి ఫొటోలో ఆవిడ చూపు చూశాక నిద్ర పట్టలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరొథియా లాంజ్ తీసిన ఫొటో గుర్తొచ్చింది. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోతకు వచ్చిన కూలీల శిబిరంలో తీసిన ఒక తల్లి ఫొటో అది. పేరు కూడా అడగలేదని లాంజే తర్వాత రాసింది. ఆ ఫొటోలు పత్రికలో పడ్డాక శిబిరానికి తిండి సామాన్లు వచ్చిన మాట నిజం. అవి వచ్చేలోపే ఆ తల్లి కుటుంబం అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఆవిడ ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని ఆవిడే అంది. లాంజ్ కనీసం వాళ్ల కష్టం నలుగురికీ తెలియాలని తీసింది. నేను ఎందుకు తీశానో నాకే తెలియలేదు.

మర్నాడు జూమ్ లెన్స్ గదిలో వదిలేసి, మనిషికి దగ్గరగా వెళ్లి తీయాల్సిన 35 ఎం.ఎం. లెన్స్ పెట్టుకుని వెళ్లాను. కెమెరా సంచిలోనే ఉంచి అరుగు చివర కూర్చున్నాను. కాసేపయ్యాక బయటికి తీసి నిన్నటి ఫొటోలు ఆవిడకు చూపించి, ఆవిడ కళ్లముందే ఒక్కొక్కటీ డిలీట్ చేసేశాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంచెంసేపటికి ఒక బద్ద చివర నా చేతికిచ్చి పట్టుకోమంది. అలా గంట గడిచింది.

అప్పుడు కెమెరా వైపు చూపించి, తీయనా అన్నట్టు తలాడించాను. ఆగమని చెయ్యి చూపించి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ నొప్పించానేమోనని టెన్షన్ పడ్డాను. తల దువ్వుకుని, మనవరాలిని వెంటపెట్టుకుని, పూర్తయిన బుట్ట పట్టుకుని వచ్చింది! నిటారుగా నిలబడింది. నేను కోరుకున్న ఫొటో అది కాదు, ఆవిడ కోరుకున్నది. పాప సంగతి వాళ్లమ్మను కూడా అడిగి, చూరు నీడలో ఇద్దరినీ నిలబెట్టి, పాప కళ్ల ఎత్తుకు వంగి తీశాను.

అడిగితే సహజత్వం పోతుందని చాలామంది అంటారు. నేనూ అనేవాణ్ణి. అడిగాక ఇంకో పది నిమిషాలు అక్కడే కూర్చుంటే చాలు, ఎవరి పనిలో వాళ్లు పడతారు. ఆవిడ బుట్ట అంచు పళ్లతో బిగించి లాగుతున్న ఫొటో అలా వచ్చిందే.

నా సంచిలో చిన్న ప్రింటర్ ఉంది. కాగితం ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిరుగుతుంది. మొదట పసుపు, తర్వాత ఎరుపు, తర్వాత నీలం, ఆఖర్న పైపూత. పాప ప్రతి రంగుకీ అరుస్తోంది. ఆవిడ మాత్రం ఊపిరి బిగబట్టి చూసింది. ప్రింటు చేతికిస్తే తడి చేతులు ఒంటికి తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుంది. తర్వాత ఇరుగుపొరుగు వాళ్లను తనే పిలిచి వరసలో నిలబెట్టింది.

సాయంత్రం బస్సు హారన్ కొట్టేసరికి నా దగ్గర ఒక్క కాగితం కూడా మిగల్లేదు.