డబ్బులిచ్చి ఆరుబయట పడక

ఆదివారం రాత్రి పదిన్నర. కారులో నిద్రపోయిన పిల్లలిద్దరినీ అలాగే ఎత్తుకొచ్చి మంచం మీద వేశాం. కాళ్లు కడగలేదు, బట్టలు మార్చలేదు. పెద్దవాడి నిక్కరు జేబులు మాత్రం ఖాళీ చేశాను. పదకొండు రాళ్లు, ఒక సీసా మూత, సగం తిన్న బిస్కెట్టు.

గండికోట వెళ్దామన్నది మావారు. ఆరేళ్లవాడికీ మూడేళ్లదానికీ టెంటులో పడుకున్న జ్ఞాపకం ఒకటి ఉండాలట. మూడేళ్లదానికి జ్ఞాపకం ఏముంటుందండీ అంటే, ఫొటోలు ఉంటాయి కదా అన్నారు. నిన్న తెల్లవారుజామున హైదరాబాదులో బయలుదేరి, కర్నూలులో అమ్మను ఎక్కించుకున్నాం. అంతా చెబితే రాదని, కోటా గుడీ చూసి రేపు వచ్చేద్దాం అని ఊరుకున్నాను. బనగానపల్లె దాటాక అసలు సంగతి బయటపెట్టాను.

"ఇంట్లో మంచాలు పెట్టుకుని, డబ్బులిచ్చి ఆరుబయట పడుకోవడానికా?" అంది. ఆ తర్వాత చాలాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

బయట చూడటానికి నాపరాళ్లు ఉన్నాయి. ఆ దారిలో ఎక్కడ చూసినా అవే, రోడ్డు పక్కన దొంతరలు దొంతరలుగా. మా కర్నూలు ఇంట్లో నేల మీద పరిచినవి కూడా అవేనని పెద్దవాడికి చెప్పాను. బెలుం గుహల దగ్గర ఆగాం గానీ, లోపలి ఉక్కకు చిన్నది పది నిమిషాల్లోనే ఏడుపు అందుకుంది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలో మేము చూసింది గుమ్మం వరకే అనుకోవచ్చు.

జమ్మలమడుగులో భోజనం చేసి కోటకు చేరేసరికి మూడైంది. పెమ్మసాని నాయకుల కోట, 1650 ప్రాంతంలో మీర్ జుమ్లా చేతికి చిక్కిన కోట అని మావారు ఫోనులో చూసి చదువుతుంటే వింటున్నది నేనొక్కదాన్నే. చిన్నదానికి నచ్చింది ధాన్యాగారం. ఆ ఎత్తయిన కప్పు కింద నిలబడి "అమ్మమ్మా" అని అరవడం, గొంతు తిరిగి వస్తే తానే ఉలిక్కిపడటం, మళ్లీ అరవడం. దాన్ని అక్కడినుంచి కదిలించడానికి అరగంట పట్టింది. మాధవరాయస్వామి గుడిలో గర్భగుడి ఖాళీగా ఉంది, విగ్రహం లేదు. అమ్మ ఆ ఖాళీకే చెప్పులు విప్పి దండం పెట్టుకుంది.

అసలు చూడాల్సింది లోయ. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారిన చోటు. నేను దాన్ని సరిగా చూడలేదనే చెప్పాలి. అంచున కంచె లేదు, కటకటాలు లేవు. పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య కాలు దూరేంత సందులు, ఆ తర్వాత ఏమీ లేదు, ఎక్కడో అడుగున నీళ్లు. ఇద్దరు పిల్లలున్న తల్లికి అది అందమైన చోటు ఎలా అవుతుంది? ఒక చేత్తో వాడి చొక్కా కాలరు పట్టుకుని, ఇంకో చేత్తో దాన్ని చంకనెత్తుకుని, మావారు ఫొటో కోసం "కొంచెం వెనక్కి" అన్నప్పుడల్లా ఆయన మీద విరుచుకుపడ్డాను. అది చూసి అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడకుండా బండ మీద చతికిలబడి, తన కొంగు చివరను వాడి నడుముకు చుట్టి ముడి వేసింది. లేగదూడకు పలుపు కట్టినట్టు. వాడు రెండడుగులు లాగి చూసి, ఇక లాభం లేదని ఆమె ఒళ్లోనే కూర్చున్నాడు.

అప్పుడు అడిగాడు, "ఈ రాళ్లన్నీ ఎవరు పేర్చారు?" అని. నిజంగానే పేర్చినట్టే ఉన్నాయి, పొద్దున రోడ్డు పక్కన చూసిన దొంతరల్లాగే, ఆ ఎర్రటి గోడలు. మావారు మొదలుపెట్టారు: ఇది క్వార్ట్‌జైట్ నాన్నా, ఎప్పుడో నీళ్ల అడుగున పొరలు పొరలుగా చేరిన ఇసుక, గట్టిపడి రాయి అయింది. వాడు అమ్మమ్మ వైపు చూశాడు. అమ్మ, "చెరువుకు గండి పడటం చూశావా? చూడలేదులే, నువ్వెక్కడ చూస్తావు. గట్టు తెగి నీళ్లు పోతే దాన్ని గండి అంటారు. ఈ ఏరు కొండకే గండి కొట్టింది. అందుకే ఇది గండికోట" అంది. వాడికి ఇది బాగా ఎక్కింది. ఇవాళ దారంతా కనబడిన ప్రతి గుంటనూ గండి అన్నాడు.

టెంట్లు అద్దెకిచ్చే అతను రెండు వేసి పెట్టాడు. నేలంతా రాయే కాబట్టి మేకులు దిగవు. నాలుగు మూలలా తాళ్లు లాగి బండరాళ్లకు కట్టాడు. పెద్దవాడు ఆ రాళ్లు చాలవని తీర్మానించి, చీకటి పడేదాకా చిన్న చిన్న రాళ్లు మోసుకొచ్చి వాటి పక్కన పెడుతూనే ఉన్నాడు. చిన్నది జిప్పు పట్టుకుంది. పైకి, కిందికి, పైకి, కిందికి. మొత్తం ప్రయాణంలో దానికి దొరికిన గొప్ప ఆటవస్తువు అదే. మాకు ఊళ్లోంచి రాగిసంగటి, కోడికూర తెచ్చిపెట్టారు. పిల్లలు మేము తెచ్చిన పెరుగన్నం తిన్నారు.

ఆరుబయట పడుకోవడం ఎలాగో మా అందరిలో తెలిసింది వద్దన్న మనిషికే. అద్దె చాపలను దులిపి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసి పక్కలు తిప్పి వేయించింది. ఎక్కడికి వెళ్లినా వెంట తెచ్చే పాతచీరల బొంతను పెద్దవాడి కింద పరిచింది. టెంటులో ఊపిరాడదంటూ, మంకీ టోపీ పెట్టుకుని, కాళ్లు లోపల, తల బయట ఉండేలా పడుకుంది. వాడూ వెంటనే అలాగే దొర్లి తల బయట పెట్టాడు.

"నెత్తి మీద గుప్పెడు చుక్కలు కనబడుతున్నాయా, కుప్పగా? అది పిల్లలకోడి."

"కోడి ఏది? పిల్లలు ఏవి?"

"చలికి పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుంది. అందుకే ఏది ఏదో తెలియదు."

పక్క టెంటులోంచి వింటున్నాను. చదువుకున్నాక కృత్తికలని తెలిసిన ఆ చుక్కలను నాకూ ఆమే చూపించింది, కర్నూలులో డాబా మీద, వేసవి సెలవులు కానట్టుంది, దీపావళి రోజులేమో. హైదరాబాదులో చుక్కలు కనబడవని నేను అందరితో అంటుంటాను. నిజం చెప్పాలంటే చూసి చెప్పిన మాట కాదు అది.

రాత్రి రెండింటికి చిన్నది లేచి ఒంటికి పోస్తానంది. జిప్పు రాలేదు. సాయంత్రమంతా లాగిన ఫలితం, పళ్ల మధ్య గుడ్డ ఇరుక్కుంది. మావారు టార్చి నోట్లో పెట్టుకుని కుస్తీ పడుతుంటే, బయటి నుంచి అమ్మ గొంతు: "లాగకు బాబూ, ఉండు." ఆమె సంచిలో కొబ్బరినూనె సీసా ఎప్పుడూ ఉంటుంది. బయటి వైపు రెండు చుక్కలు రాసి, అటూ ఇటూ ఆడించి తెరిచింది. తెరిచేసరికి పని అయిపోయింది, చాప మీదే. చిన్నది మా ముగ్గురినీ చూసి పకపకా నవ్వింది.

పొద్దున అందరూ సూర్యోదయానికి బండలెక్కారు. మావారు తీసిన ఫొటోలు బాగున్నాయి. నేను మాత్రం తడిసిన చాప కడిగి ఆరేశాను, దుప్పట్లు మడిచాను, టీ తాగాను. లోయ వైపు వెళ్లలేదు.

మధ్యాహ్నం అమ్మను కర్నూలులో దించాం. ఇందాకే ఫోను చేసింది, ఇల్లు చేరామా లేదా అని. చేరామన్నాను.

"నడుము పట్టేసిందే తల్లీ. ఈసారి కారు పైన ఒక మడతమంచం కట్టించు" అంది.

ఈసారి ఎక్కడికి అని అడిగేలోపు పెట్టేసింది.