పగలు పండుకునేటోళ్ల నిద్ర గురించి

పెద్దోళ్లకు రోజుకు ఎన్ని గంటల నిద్ర కావాలె అని ఎవర్ని అడిగినా ఎనిమిది అంటరు, మళ్ల ఎంబటే "మాకెక్కడిది బై, ఆరు గంటలు పండితే గొప్ప" అంటరు. హనుమకొండల నా చుట్టూ ఉన్నోళ్లల్ల సగం మంది ఇట్లనే ఉన్నరు. మా అక్క ఓ దవాఖానల నర్సు, నైట్ డ్యూటీలు పడుతనే ఉంటయ్. మా బావ కాజీపేటల లోకో పైలట్, ఆయన డ్యూటీకి పొద్దూ లేదు మాపూ లేదు, కాల్ వచ్చిందంటే రాత్రి రెండైనా సరే బ్యాగు భుజానికేసుకొని పోవాల్సిందే. వాళ్ల పై పోర్షన్ల నేను, అమెరికా టైంకు పనిచేస్త, సాయంత్రం లాగిన్ అయితే లాప్‌టాప్ మూసేసరికి తెల్లారుజాము మూడైతది. ఇట్లాంటి ఇంట్ల నిద్ర అనేది రోజూ మాట్లాడుకునే ముచ్చటే, అందుకే నేను చదివింది, మా ఇంట్ల నడిచేది రెండూ కలిపి రాస్తున్న.

ముందు గంటల సంగతి. 2015ల అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్, స్లీప్ రీసెర్చ్ సొసైటీ కలిసి 18 నుంచి 60 ఏండ్ల వాళ్లకు రోజూ కనీసం 7 గంటల నిద్ర ఉండాలె అని తేల్చినయ్. అదే ఏడాది నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 64 ఏండ్ల దాంక 7 నుంచి 9 గంటలు, 65 దాటినోళ్లకు 7 నుంచి 8 అని చెప్పింది. ముసలోళ్లకు నిద్రతో పనేంది అనుకుంటం గని వాళ్లకు కూడ దాదాపు అంతే కావాలె, కాకపోతే వరుసగ పట్టది, నడుమ నడుమ మెలకువ వస్తది, నాలుగింటికే లేచి వాకిట్ల కూసుంటరు, అందుకే మనకు అట్ల అనిపిస్తది.

"నాకు ఆరు గంటలు సాలు, అలవాటైపోయింది" అనేటోళ్లు మస్తుమంది. ఈ మాట మీద 2003ల పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు చేసిన ఒక పరిశోధన వచ్చింది, నాకు బాగ గుర్తుండిపోయింది. కొందర్ని రోజుకు 4 గంటలు, కొందర్ని 6, కొందర్ని 8 గంటలు, రెండు వారాల పాటు అట్లనే పండనిచ్చి రోజూ పరీక్షలు పెట్టిన్రు, ధ్యాస ఎంతసేపు నిలబడుతుంది, తెరమీద గుర్తు కనపడంగనే ఎంత జల్ది బటన్ నొక్కుతున్నరు, ఇట్లాంటివి. నాలుగు, ఆరు గంటలోళ్లు రోజురోజుకూ దిగజారుకుంటనే పోయిన్రు, ఆఖరికి ఒకటి రెండు రాత్రులు కంటి మీద రెప్ప వెయ్యనోళ్ల తీరుగ అయిన్రు. కని వాళ్లను అడిగితే ఏమంత మత్తుగ లేదు, బాగనే ఉన్నం అన్నరు. నాకు భయమనిపించేది ఇదే. శరీరం తక్కువ నిద్రకు అలవాటు పడలే, తక్కువైందని తెలుసుకునుడే తగ్గిపోయింది. బస్సు నడిపెటోళ్లు, మందులు ఇచ్చేటోళ్లు, రైలు నడిపెటోళ్లు ఈ స్థితిల ఉంటే ఏమైతదో మీరే ఆలోచించుర్రి.

గంటలు ఒక్కటే కాదు, ఏ టైంకు పండుతున్నం ఏ టైంకు లేస్తున్నం అనేది కూడ గట్టి విషయం. బ్రిటన్ల యూకే బయోబ్యాంక్ అని లక్షల మంది ఆరోగ్యం లెక్కలు జమచేసి పెట్టేది ఒకటి ఉంటది, అండ్ల 60 వేల మందికి పైగ చేతికి యంత్రం కట్టి నిద్ర కొలిచిన లెక్కలు తీసి చూస్తే, తొందరగ చనిపోయే ప్రమాదాన్ని నిద్ర గంటలకంటే నిద్ర టైం ఎంత స్థిరంగ ఉందనేదే బాగ పట్టిచ్చింది. రోజుకో టైంకు పండుడు వల్లనే చనిపోయిన్రు అని దీని అర్థం కాదు, పానం బాగలేనోళ్ల నిద్ర కూడ చెదిరిపోతది గదా, అయినా పట్టించుకోవాల్సిన సంగతే.

అసలు మన లోపల రెండు నడుస్తుంటయ్. మేలుకొని ఉన్నకొద్దీ మెదడుల అడినోసిన్ అనేది జమైతది, అది ఎంత పెరిగితే అంత నిద్ర ఒత్తుకొస్తది. రెండోది మెదడు లోపలి గడియారం, ఇది కంటిల పడే వెలుతురును బట్టి పగలు రాత్రి లెక్క గట్టుకుంటది. ఈ గడియారం కణాలల్ల ఎట్ల నడుస్తదో కనుక్కున్నందుకే 2017ల హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ ఇచ్చిన్రు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఏడింటికి ఇంటికొచ్చినోళ్లకు మొదటిది ఫుల్లుగ ఉంటది, అందుకే మంచం మీద పడంగనే నిద్ర పడుతది. కని గడియారం మాత్రం తెల్లారింది లే లే అంటనే ఉంటది, కొంచెం అలసట తీరంగనే అది గెలుస్తది, పన్నెండింటికల్ల కండ్లు తెరుసుకుంటయ్. ఆ నాలుగైదు గంటలే దక్కుతయ్. పగలు ఎంత పండినా రాత్రి నిద్ర తీరుగ ఉండదు అని షిఫ్టోళ్లు అనేది ఊకె అనేది కాదు.

1938ల క్లైట్‌మన్ అని ఒక శాస్త్రవేత్త, తన శిష్యుడు రిచర్డ్‌సన్‌ను తోలుకొని అమెరికాల మామత్ కేవ్ అనే గుహలకు దిగి, ఎండ పొడ లేని చీకట్ల 32 రోజులున్నడు. రోజుకు 24 కాదు 28 గంటలు అనుకొని బతికి చూద్దామని వాళ్ల ప్రయత్నం. వయసుల ఉన్న శిష్యునికి ఆ లెక్క ఒంటపట్టింది, 40 దాటిన క్లైట్‌మన్‌కు పట్టలే, ఆయన శరీరం 24 గంటల లెక్కనే పట్టుకొని కూసుంది. ఇది చదివినప్పుడు నాకు మా బాపు యాదికొచ్చిండు. బాపు భూపాలపల్లిల బొగ్గు బాయి పని చేసెటోడు, సింగరేణిల. వారానికో షిఫ్ట్, ఫస్ట్ షిఫ్ట్ అయితే పొద్దున ఏడింటికి, సెకండ్ షిఫ్ట్ పగటీలి మూడింటికి, నైట్ షిఫ్ట్ రాత్రి పదకొండింటికి. బాయిల దిగినంక పగలైనా రాత్రైనా ఒకటే చీకటి, టోపీ లైటు వెలుగే. వయసుల ఉన్నప్పుడు ఏ షిఫ్టైనా లెక్క చెయ్యని మనిషి యాభై దగ్గర పడ్డంక నైట్ షిఫ్ట్ వారం వచ్చిందంటే ముఖం గుంజుకపోయేది, ప్లే డే నాడు, అంటే వారం సెలవు నాడు కూడ కోలుకోకపోయేది.

ఆ నైట్ షిఫ్ట్ వారాలల్ల మా అమ్మ ఇల్లును నడిపిన తీరు చెప్పాలె. క్వార్టర్ ఎనుక అర్ర కిటికీకి గోనె సంచి రెండు మడతలు పెట్టి మేకులు కొట్టింది, సందు లేకుండ. తలుపు గొళ్లెం కొట్టుకోకుండ పాత చీర పేలిక చుట్టింది. ఆ వారం కుక్కర్ తీసేది కాదు, విజిల్ వస్తదని, గిన్నెల అన్నం వండి గంజి వార్చేది. కూరగాయల ఆమె గల్లీ మొదట్ల ఉండంగనే అమ్మ వాకిట్లకు పోయి చెయ్యి ఊపేది, ఆమె కూడ కేక ఎయ్యకుండ వచ్చి గంప దించేది. మమ్ముల్ని స్కూల్ నుంచి వచ్చినంక పక్క క్వార్టర్ల అత్తమ్మ దగ్గర కూసోబెట్టేది, వాళ్లింట్ల మామ నైట్ షిఫ్ట్ ఉన్న వారం వాళ్ల పిల్లలు మా ఇంట్ల. లైన్ల ఎవరు ఏ షిఫ్టో అందరికీ ఎరుకే. ఆమెకు అడినోసిన్ తెల్వది, గడియారం సంగతి తెల్వది, కని నైట్ షిఫ్ట్ మనిషికి పగలే రాత్రి అని తెలుసు, దానికి కావల్సినవన్నీ చేసింది.

ఇప్పుడు అదే కొరవడింది. నైట్ డ్యూటీ చేసొచ్చి పండుకున్న మా అక్కకు పదిన్నరకు కొరియర్ పిలగాడు బెల్లు కొడ్తడు, పదకొండింటికి లోన్ కావాల్నా మేడం అని ఫోను, పన్నెండింటికి చుట్టాలెవరో వచ్చి "ఏందమ్మా ఇంత పొద్దెక్కినా పండుకున్నవ్" అంటరు. రాత్రి రెండింటికి ఎవరింటికన్న పోయి బెల్లు కొడ్తమా? ఆమెకు పగటీలి పదకొండంటే గదే. రాత్రి పనిచేసేటోళ్ల నిద్రను వాళ్లొక్కళ్లే కాపాడుకోలేరు, ఇంట్ల ఉన్నోళ్లందరు కాపాడాలె. ముఖ్యంగ ఆడోళ్లకు, వాళ్లు డ్యూటీ నుంచి రాంగనే ఇల్లూడ్చుడు, టిఫిన్లు, పిల్లల బాక్సులు ఎదురుచూస్తయ్, అవన్నీ అయ్యేసరికి తొమ్మిదైతది, నిద్రకు మంచి టైం కాస్త పోయే. మా ఇంట్ల ఇప్పుడు ఆమె నైట్ డ్యూటీ ఉన్న రోజులు పిల్లల బాక్సులు బావ, ఆయన లేకుంటే నేను చూస్తం, కింది గేటుకాడనే కొరియర్ తీసుకుంటం.

షిఫ్టోళ్లకు పనికొచ్చేవి కొన్ని ఉన్నయ్. ఒక్కదెబ్బకు ఏడెనిమిది గంటలు పట్టకపోతే రెండు ముక్కలు చేసుకోవచ్చు, పొద్దున ఇంటికి రాంగనే ఐదు గంటలు, మళ్ల సాయంత్రం డ్యూటీకి పోయే ముందు గంటన్నర రెండు గంటలు. రెండూ కలిపినా శరీరానికి లెక్కే. అర్ర చీకటిగ, చల్లగ ఉండాలె, మన దగ్గర ఏప్రిల్ మేల ఇది చెప్పినంత అల్కగ కాదు, రేకుల ఇండ్లల్ల అసలే కాదు, కూలర్ గడ్డి ఎప్పటికప్పుడు తడిగ ఉంచుకొని, కిటికీ ఒకటి తెరిచి పెడితేనే దాని గాలి పనిచేస్తది, వెలుతురు రాకుండ ఆ కిటికీకి మందం పరదా వదులుగ ఏసుకోవాలె. షిఫ్టులు మార్చేది మీ చేతిల ఉంటే ఫస్ట్, సెకండ్, నైట్ ఈ వరుసల ముందుకు పొయ్యేటట్టు చూసుకోండి. మన లోపలి గడియారం 24 గంటలకంటే ఓ కొంచెం ఎక్కువనే నడుస్తది కాబట్టి నిద్రను ఆలస్యం చేసుకునుడు అల్కగ ఉంటది, రోజూ పండే టైంకంటే ముందే పండుడు కష్టం.

షిఫ్టులు లేకుండ కూడ నిద్ర చెడగొట్టుకునేటోళ్లం ఉన్నం. వారమంతా ఆరింటికి లేచి ఆదివారం పదకొండు దాంక పండితే ఆ రాత్రికి నిద్రే రాదు. పెండ్లిల్ల సీజన్ల బరాత్ డీజేలు నడిరాత్రి దాటినా ఆగవు, తెల్లారి ఆఫీసు ఉండనే ఉంటది. అట్ల ఓ రాత్రి పోయినప్పుడు నేను చూసుకునేది ఏందంటే లేచే టైం మహా అయితే గంట అటు ఇటు, మధ్యాహ్నం మూడింటి లోపు ఓ ఇరవై నిమిషాలు కునుకు, అంతకంటే ఎక్కువ పండితే లేచినంక తల బరువుగ ఉంటది, రాత్రికి నిద్ర పట్టది. నాకైతే పని మూడింటికి అయిపోయినంక మూడున్నరకు పండుడు, పదకొండింటికి లేసుడు, సెలవు నాడు కూడ ఒకటిన్నర రెండు దాటకముందు పండను, రాత్రి పదింటికే పండుకుంటే సోమవారం మళ్ల మొదటికొస్తదని. నిద్ర రాక మంచం మీద పొర్లుకుంట పడి ఉండేకంటే లేచి పక్క అర్రల మసక వెలుతుర్ల కూసోని, మత్తు వచ్చినంక మళ్ల పోయి పండుకునుడు మంచిది, నిద్రలేమికి డాక్టర్లు మందులకంటే ముందు చేయించే పద్ధతిల ఇదొక భాగం.

చాయ్ గురించి చెప్తే మనోళ్లకు కోపమొస్తది గని చెప్పాలె. చాయ్‌ల కాఫీల ఉండే కెఫీన్ ఆ అడినోసిన్ పని చెయ్యకుండ అడ్డం నిలబడుతది, అంతేగని దాన్ని తీసెయ్యది, సగం కెఫీన్ ఒంట్లకెల్లి పోవడానికే సుమారుగ ఐదు గంటలు పడుతది. నైట్ షిఫ్టోళ్లు మొదటి సగంల తాగితే నయం, తెల్లారుజాము నాలుగింటికి తాగిన చాయ్ ఎనిమిదింటికి మంచం మీద కూడ ఒంట్ల ఉంటది. "ఓ క్వార్టర్ ఏస్తేనే నిద్ర పడుతది" అనేటోళ్లది ఇంకో గోస. మందు పండబెడుతది నిజమే, కని రెండో సగం నిద్రను ముక్కలు ముక్కలు చేస్తది. మెడికల్ షాపుల అడిగి నిద్రగోలీలు తెచ్చుకునుడు దీనికంటే అన్యాయం, మన దగ్గర కల్తీ కల్లుల కలిపే అల్ప్రాజోలం గట్లాంటి మందే, అలవాటైతే ఇడిసిపెట్టుడు ఎంత కష్టమో కల్లు బందైనప్పుడు దవాఖానలకు వచ్చినోళ్లను చూసినోళ్లకు తెలుసు.

నైట్ డ్యూటీ దిగి బండి మీద ఇంటికి పోయేటోళ్లకు ఒక్క మాట. 17 గంటలు వరుసగ మేలుకొని ఉన్నోళ్ల చురుకుదనం, రక్తంల 0.05 శాతం మందు ఉన్నోళ్లంత తగ్గిపోతదని 1997ల ఆస్ట్రేలియాల చేసిన పరీక్షల తేలింది. రాత్రి పన్నెండు గంటల డ్యూటీ, దానికి ముందు పగలంతా మేలుకొని ఉండుడు కలిపితే అంతకంటే ఎక్కువనే అయితది. పరకాల రోడ్డు మీద లారీల నడుమ రెప్ప పడితే కిందికే. డ్యూటీకాడనే ఇరవై నిమిషాలు కునుకు తీసి బయల్దేరండి, లేకుంటే బస్సు ఎక్కండి.

అన్ని గంటలు పండినా పగలంతా తూగుతున్నరు, రాత్రి గట్టిగ గురకపెట్టి నడుమ ఊపిరి ఆగినట్టైతున్నది అని ఇంట్లోళ్లు చెప్తున్నరంటే అది స్లీప్ ఆప్నియా అయ్యుండొచ్చు, ఊపిరితిత్తుల డాక్టర్‌కో ఈఎన్‌టీ డాక్టర్‌కో చూపించుకోవాలె. పోయేటప్పుడు గురక విన్నోళ్లనే ఎంట తోలుకపోండి, పండుకున్న మనిషికి అది తెల్వది. బీపీ, షుగర్ ఉంటే గది చెప్పండి, షిఫ్టులు ఎట్లెట్ల పడుతున్నయో రెండు వారాలది కాగితం మీద రాసుకొని పోతే డాక్టర్‌కు సగం పని అల్కగైతది.