మా ఊరి కొండ ఏ రాయి?

పదకొండో తరగతిలో అదనంగా ఏ సబ్జెక్టు తీసుకోవాలన్న చర్చ మా ఇంట్లో రెండు వారాలు నడిచింది. నేను కంప్యూటర్ సైన్స్ అన్నాను, మా అమ్మాయి భూవిజ్ఞానం అంది. ఆమె బడిలో పై స్థాయి భూవిజ్ఞానం లేదు. ఇక్కడ అమెరికాలో బడి పిల్లలు రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో పర్యావరణ శాస్త్రం ఉంది గాని భూవిజ్ఞానం లేదు. అందుచేత ఆన్‌లైన్‌లో చదువుకుంటానంది. కాలేజీ దరఖాస్తులో దానికి విలువేముంటుందని నేను అడిగితే, "మీ ఊరి కొండ ఏ రాయో నీకు తెలుసా నాన్నా?" అని ఎదురడిగింది.

సింహాచలం కొండ కింద పుట్టి పెరిగిన నాకు తెలియదు. ఆ రాయి ఖోండలైట్ అని, తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడని, ఒకనాటి బంకమట్టి పొరలు భూగర్భంలో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై అలా మారాయని, చిన్నప్పుడు భీమిలి ఒడ్డున నేను చూసిన ఇసుకలోని ఎర్రని గార్నెట్ ఖనిజపు రేణువులు అలాంటి కొండలు అరిగి వచ్చినవేనని ఆమె చెబుతుంటే విన్నాను. పద్యాలు నేర్పాను, పండుగలు నేర్పాను, ఆ నేల సంగతి మాత్రం నాకే తెలియలేదు.

అయినా నా పట్టుదల తగ్గలేదు. ఒక రాత్రి పదకొండు గంటలకు ఆమె వంటింటి బల్ల మీద పటం పరిచి, వృత్తలేఖినితో మూడు వృత్తాలు గీస్తోంది. భూకంపం నుంచి పి తరంగం ముందు వస్తుంది, ఎస్ తరంగం వెనుక వస్తుంది. ఆ రెండింటి మధ్య వ్యవధిని బట్టి ఆ తరంగాలను నమోదు చేసిన ఒక్కొక్క పరిశీలన కేంద్రం నుంచి దూరం కట్టి, మూడు వృత్తాలు కలిసే చోటును, అంటే భూకంపం వచ్చిన చోటును పట్టుకోవాలి. లెక్కలు చెయ్యకుండా ఈ బొమ్మలేమిటని కసిరాను. ఆమె మాట్లాడకుండా పెన్సిల్ కింద పెట్టింది. అవీ లెక్కలేనని మర్నాడు ఆ కాగితం చూసిన తరువాత గాని నాకు తట్టలేదు. ఆమెకు ఆ మాట చెప్పనూ లేదు.

పిల్లలు ఈ చదువు ఆన్‌లైన్‌లో చదువుతామంటే, రాళ్ల నమూనాల పెట్టె పంపుతారో లేదో ముందు కనుక్కోండి. తెర మీద హెమటైట్ అనే ఇనుప ఖనిజం నల్లగా, లోహంలా కనిపిస్తుంది. గరుకు పింగాణీ పలక మీద గీస్తే కావిరంగు గీత పడుతుంది. ఆ గీతను ఆమె వేలితో రుద్ది, ఆ ఎర్రటి వేలిని నాకు చూపించిన క్షణాన, నేను దేన్ని అడ్డుకోబోయానో అర్థమయింది.

ఇంతవరకు సలహా ఇవ్వగలను, ఆపైన నాకే సందేహం. సింహాచలం ప్రసక్తి వచ్చింది గనుకనే నా మనసు మెత్తబడిందేమో! పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను ఇక్కడి న్యూజెర్సీలోని వాచుంగ్ కొండలకు తీసుకువెళ్లింది. దాదాపు 20 కోట్ల ఏళ్ల నాడు, ఖండాలన్నీ ఒకటిగా కలిసి ఉన్న పాంజియా మహాఖండం చీలుతున్న కాలంలో పారిన లావా అక్కడ చల్లారి బసాల్టు అయింది. దారి కోసం తొలిచిన చోట స్తంభాల్లా నిలిచిన ఆ రాతిని చూస్తూ కూడా నేను మా కొండ మాటే ఎత్తాను. ఆమె రాతి మీద చెయ్యి ఆనించి, "ఇది మా ఊరి రాయి నాన్నా" అంది.

ఆమె భూవిజ్ఞానం చదువు రెండో భాగానికి ఆ రాత్రే ఫీజు కట్టాను. ఆమెను అడగకుండానే లెక్కల ట్యూషన్‌కూ కట్టాను.