అక్క వ్యానులో 13 ఘనపు మీటర్ల సంసారం

సరుకులు మోసే వ్యానును కొని, దాన్ని అక్క సొంత చేతులతో క్యాంపర్‌గా, అంటే లోపలే వండుకుని పడుకునే బండిగా మార్చుకుంది. ప్రయాణం ఖాయమయ్యాక నాకు ఫోను చేసి, "నీ సామాను జాబితా పంపు. పేర్లు వరుసగా రాసేయకు, రోజులో ఏ వేళకు ఏది కావాలో వేళల వారీగా రాయి" అంది. లేవగానే ఏమిటి, బండి నడుస్తుండగా ఏమిటి, వాన పడితే ఏమిటి, అర్ధరాత్రి మెలకువ వస్తే చేతికి ఏది తగలాలి, ఇలా. ఇంత తతంగమా అని గొణుక్కుంటూనే రాసి పంపాను. నేను బండెక్కేసరికి నా టార్చిలైటుకు, కళ్లజోడుకు, చెప్పులకు చోట్లు సిద్ధంగా ఉన్నాయి. నాకు మాత్రం బల్లను కిందికి దించి, దాని మీద పరుపులు పరిస్తే తయారయ్యే మంచం దక్కింది.

వ్యాను లోపలి పొడవు 3.7 మీటర్లు, వెడల్పు 1.87, ఎత్తు 1.93. అంతా కలిపితే 13 ఘనపు మీటర్ల పైమాట. కాగితం మీద చూస్తే బోలెడంత చోటు. కానీ మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, టాయిలెట్ గది తమ వాటా తీసుకున్నాక మిగిలేదంతా తునకలే. చక్రాల మీద లోపలికి ఉబ్బిన భాగం వెనక కొంచెం, డ్రైవరు సీటు కింద కొంచెం, పక్క తలుపు మెట్టులో కొంచెం, పైకప్పు ఒంపులో కొంచెం. ఈ తునకలన్నిటినీ వాడుకోవడమే నేర్పు అని చాలామంది అనుకుంటారు. అక్క అలా అనుకోదు. ఆమెకు ఒకటే నియమం: ఏ వస్తువును బయటికి తీయాలన్నా, అడ్డున్న వస్తువుల్లో ఒకదానికి మించి కదిపే పని ఉండకూడదు. ఈ పరీక్షలో నెగ్గని చోటు ఎంత పెద్దదైనా ఆమె లెక్కలో చోటు కాదు.

ఆ పరీక్షలో ఘోరంగా ఓడిపోయేది కూర్చునే బల్ల కింది పెట్టె. మూత పైకి తెరుచుకునే ఈ పెట్టెలను తెగ మెచ్చుకుంటారు గానీ, వాడి చూస్తే తెలుస్తుంది. మూత తెరవాలంటే ముందు కూర్చున్నవాళ్లు లేవాలి, మెత్త ఎత్తాలి, ఒక చేత్తో మూత పట్టుకుని రెండో చెయ్యి అడుగుదాకా దూర్చి తడుముకోవాలి. మనకు కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అందుకే అక్క ఆ పెట్టె ముందు చెక్కను కోసి చిన్న తలుపు పెట్టింది. రోజూ కావలసినవి ఆ తలుపు వెంట వస్తాయి. పైమూత ఎత్తితే తప్ప అందని భాగంలో లాగుడు తాడు, అదనపు ఫ్యూజులు, నీళ్లు పట్టే గొట్టం, ఎగుడుదిగుడు నేల మీద చక్రాల కింద పెట్టే దిమ్మెలు ఉన్నాయి.

పెద్ద రహదారి ఎక్కగానే బండి మాట్లాడటం మొదలుపెట్టింది. ఒక గిన్నె, ఒక మూత, ఎక్కడో వదులైన గొళ్లెం. వినడానికి చిన్న శబ్దాలే, గంటసేపు వింటే మనిషి ఓపిక హరించుకుపోతుంది. బండి ఆపి, గిన్నెల మధ్య గుడ్డ ముక్కలు వేసి, గాజు సీసాలకు పాత మేజోళ్లు తొడిగాం. మేజోళ్ల ఉపాయం చూడటానికి నవ్వు పుట్టించేదే అయినా దానికి సాటి వచ్చేది ఇంతవరకు నాకు కనిపించలేదు. శబ్దం కంటే ముఖ్యం వస్తువు ఎగరకుండా ఉండటం. గట్టిగా బ్రేకు వేస్తే ప్రతి వస్తువూ దాదాపు తన బరువంత బలంతో ముందుకు తోసుకొస్తుంది. నిజంగా ఢీకొంటే ఆ బలం ఎన్నో రెట్లవుతుంది. అందుకని సొరుగులేవీ డ్రైవరు వైపు తెరుచుకోకుండా, అన్నీ పక్కకే తెరుచుకునేలా అమర్చింది. మలుపుల్లో జారిపోకుండా ఒక్కోదానికీ నొక్కితే వదిలే గడియ ఉంది. పైన అటకలాంటి అరల్లో దిండ్లు, బట్టలు, కాగితపు సామాను తప్ప మరేదీ ఉండదు. నేను అక్కడ నా కెమెరా పెట్టబోతే, "అది నీ తల మీద పడితే ఏది పగులుతుందో తెలియదు" అని తీసేసింది.

దారిలో లారీలు తూచే వేబ్రిడ్జి కనిపించగానే అక్క బండి తిప్పింది. నాకు అది వినోదంగా తోచింది, ఆమెకు అది పరీక్ష ఫలితం. ఆ బండి మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. ఖాళీ వ్యాను బరువులోకి చెక్కపని, మనుషులు, నీళ్లు, ఇంధనం చేరాక మిగిలేది చాలా తక్కువ. చోటు నిండకముందే బరువు నిండిపోతుందన్న సంగతి చాలామందికి చివర్లో తట్టే విషయం. ఆమె మొదటి చెక్క కోసే ముందే లెక్క వేసుకుంది. 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 8 కిలోలు తూగుతుంది. అదే మందంలో పోప్లర్ ప్లైవుడ్ అందులో మూడింట రెండు వంతులకు అటూఇటూ ఉంటుంది. అలమరలకు పోప్లర్, మంచం మోసే చట్రానికి మాత్రం బిర్చ్ వాడింది. 100 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ 30 కిలోల దాకా ఉంటే, అంతే సామర్థ్యమున్న లిథియం బ్యాటరీ 12 కిలోలకు కాస్త అటూఇటూ. ఇక నీళ్లు లీటరుకు కిలో. దారిలో నీళ్లు దొరుకుతాయని తెలిసిన రోజుల్లో ట్యాంకును మూడో వంతుకు మించి నింపేది కాదు.

ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా కూడా తూచాం. అక్కడ ఒక చక్కని లెక్క ఉంది. ఈ వ్యానుకు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 4 మీటర్లు. 40 కిలోల పనిముట్ల పెట్టెను వెనక ఇరుసుకు మీటరు అవతల, డిక్కీ తలుపు దగ్గర పెడితే వెనక ఇరుసు మీద పడే భారం 40 కాదు, 50 కిలోలు. ఆ అదనపు 10 కిలోలు ముందు ఇరుసు మీద తగ్గిపోతాయి. ముందు చక్రాలతో నడిచే బండికి గులకరాళ్ల ఎత్తు ఎక్కేటప్పుడు ఆ చక్రాల పట్టే ప్రాణం, ముందు భారం తగ్గితే ఆ పట్టూ తగ్గుతుంది. కాబట్టి పనిముట్లు డ్రైవరు సీటు వెనక నేల మీద, పట్టీలతో బిగించి ఉన్నాయి. తేలికైన మడత కుర్చీలు వెనక్కు వెళ్లాయి.

మంచం కింది గోదాము గురించి చెప్పకపోతే అక్క ఊరుకోదు. చక్రాల ఉబ్బుల మధ్య 1.42 మీటర్ల వెడల్పు ఉంది. అందులో 60, 40 సెంటీమీటర్ల కొలతల ప్లాస్టిక్ పెట్టెలు పక్కపక్కనే మూడు పెడితే 1.20 మీటర్లు పోయి 22 సెంటీమీటర్ల సందు మిగులుతుంది. మడత బల్ల, కుర్చీలు నిలువుగా అందులో దూరిపోతాయి. ఈ పెట్టెల కొలత ఎవరికో తోచినది కాదు. యూరప్‌లో సరుకు రవాణాకు వాడే 120, 80 సెంటీమీటర్ల చెక్క పలక మీద ఖాళీ లేకుండా నాలుగు పట్టేలా నిర్ణయమైంది. అన్నీ ఒకే కొలత కాబట్టి ఏ పెట్టెనైనా ఏ వరుసలోనైనా దూర్చవచ్చు. అందంగా అరలు చేసి బిగించేస్తే తర్వాత మనసు మారితే కోతే గతి. నిజానికి ఇలా తీసి పెట్టుకునే పెట్టెల ఆలోచన క్యాంపర్ వ్యానులంత పాతది. 1950ల తొలినాళ్లలో జర్మనీలోని వెస్ట్‌ఫాలియా సంస్థ ఫోక్స్‌వ్యాగన్ వ్యానుకు 'క్యాంపింగ్ బాక్స్' అనే సామాను పెట్టె చేసింది. సెలవుల్లో దాన్ని లోపల పెడితే ఇల్లు, తీసేస్తే మళ్లీ పనుల బండి.

చీకటి పడ్డాక అసలు కథ. పగలు ఇల్లుగా ఉన్నది రాత్రికి పడకగది కావాలి. నా మంచం తయారవ్వాలంటే బల్ల కిందికి దిగాలి, బల్ల మీద ఉన్నవన్నీ ఎటో పోవాలి. పుస్తకం, దీపం, చార్జరు, కప్పు, మందుల డబ్బా: ఒక్కొక్కటీ ఎత్తి ఎక్కడో పెట్టి, పొద్దున్నే వెతుక్కోవడం వ్యానులో కాపురం చేసేవాళ్లకు నిత్యకృత్యం. ఏ వస్తువుకైనా రెండు చోట్లు కావాలి, పగటిది ఒకటి, రాత్రిది ఒకటి. ఈ సంగతి కొలతల పట్టికలో ఎక్కడా కనిపించదు. అక్క దీనికి అంచులున్న చెక్క పళ్లెం చేసింది. పగలు అది బల్ల మీద ఉంటుంది, రాత్రి అలాగే ఎత్తి పక్క గూట్లోకి తోస్తే సరిపోతుంది. నా దుప్పటి, రజాయి పగటిపూట గలేబులోకి దూరి వీపుకు ఆనుకునే దిండు అవుతాయి. బట్టల సంచి పగలు మంచం చివర, రాత్రి ముందు సీటులో. గట్టి సూట్‌కేసు తెచ్చి ఉంటే దానికి ఏ వేళలోనూ చోటు లేదు. ఖాళీ అయినా అది తన ఆకారం వదలదు. మెత్తని సంచి సగం ఖాళీ అయితే సగం చోటే తీసుకుంటుంది.

కొండల దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. తడి సామానుకు చోటు ఆలోచించని వ్యానులో ఒక్క వాన చాలు, ఇల్లంతా తడి. ఇక్కడ టాయిలెట్ గది అక్కరకొచ్చింది. నేల మీద నీళ్లు పడ్డా ఫర్వాలేని చోటు అదొక్కటే. పైన అడ్డంగా కడ్డీ, దానికి కొక్కేలు. కోట్లు, గొడుగు అక్కడ కారుతూ ఉంటే నీళ్లు కిందనున్న రంధ్రం గుండా పోయాయి. బురద చెప్పులు పక్క తలుపు మెట్టు పల్లంలో అమర్చిన డబ్బాలోకి. లోపలికి అడుగు పెట్టే ముందే పాదరక్షలు వదిలే వీలుండటంతో నేల పొడిగా ఉంది.

ఆ రాత్రి కిటికీలు బిగించి పడుకున్నాం. ఇద్దరు మనుషుల ఊపిరి, చెమట కలిపి తెల్లారేసరికి అర లీటరు పైన నీటి ఆవిరి అవుతుంది. చల్లని ఇనుప గోడ దొరికితే చాలు, అదంతా చుక్కలుగా మారుతుంది. గోడకు అతుక్కుని ఉన్న అలమరలో బట్టలకు బూజు వాసన పట్టేది ఇందువల్లే. అక్క తన అలమరల వెనక చెక్కకూ గోడకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలింది. తలుపులకు రంధ్రాలు చేసింది, పరుపు కింద పలకలకు బదులు ఎడమెడంగా చెక్క పట్టీలు బిగించింది. ఆ ఖాళీలన్నీ కలిపితే పెద్ద సంచి పట్టేంత చోటు వృథా. నా స్వెటరు పొడిగా ఉండటం చూసి నేను ఫిర్యాదు మానుకున్నాను. వదిలిపెట్టిన మరో చోటు గ్యాసు సిలిండరు గూడు. గాలి కంటే బరువైన ఆ గ్యాసు కారితే కిందికే దిగుతుంది. కాబట్టి గూడు ఇంటి లోపలికి మూసి ఉండాలి, అడుగున బయటికి రంధ్రం తెరిచి ఉండాలి. ఆ పక్కన నా బూట్లు పడతాయేమో చూడబోతే ఆమె చూసిన చూపు వేరే.

కనుమ మీదికి ఎక్కాక మాకు పరిచయమైన శత్రువు గాలి. 3,000 మీటర్ల ఎత్తులో వాతావరణ పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో సుమారు 70 శాతమే. మైదానంలో సీలు వేసిన ప్యాకెట్లన్నీ లోపలి గాలి వ్యాకోచించి దిండ్లలా ఉబ్బాయి. పొట్లాల సొరుగు తెరుచుకోలేదు. పైన చట్రానికి ప్యాకెట్లు అదిమి పట్టుకున్నాయి. అక్క సన్నని ఉక్కు స్కేలును సందులోంచి దూర్చి, ఒక ప్యాకెట్టును కిందికి నొక్కి, సొరుగు లాగింది. "ఇదిగో, నిండుగా సర్దితే ఇదే వరస" అంటూ నిజంగానే సంతోషించింది. షాంపూ సీసా మూత తెరవగానే సగం ఆమె చేతి మీదికి చిమ్మింది. అప్పుడు నేను సంతోషించాను.

తర్వాత దిగుడు, ఆపైన తీరం. ఇసుక ప్రతి సొరుగు పట్టాల్లోకీ దూరింది, దాన్ని చిన్న కుంచెతో ఊడ్చే పని నాకు పడింది. ఆ పని చేస్తుండగానే గమనించాను: కుడివైపు అటకలో మూడో అర మొదటి నుంచీ ఖాళీ. నేను అడిగితే, దారిలో కొనేవాటికీ, తాత్కాలికంగా చేతిలోంచి దించేవాటికీ అది కావాలంది. ఇద్దరు ఒకేసారి కదిలితే ఎవరి చేతిలోదో ఎక్కడో పెట్టాలి కదా. నాకు ఆ వాదం సగమే నచ్చింది. ఆ అరలో నా కెమెరా సంచి భేషుగ్గా పడుతుందని రోజూ గుర్తు చేశాను, రోజూ కాదంది.

ఆమె ఇప్పుడు ఎడమవైపు అటకను మొత్తం ఊడదీయాలని చూస్తోంది. తల తగులుతోందట, పైన బరువు తగ్గుతుందట, పైగా అందులో ఉన్న వాటిలో సగం ఈ ప్రయాణంలో బయటికే రాలేదట. నేను ఒప్పుకోలేదు, నా దుప్పట్లు అక్కడే ఉంటాయి. "ముందు మరలు విప్పి చూద్దాం, కావాలంటే మళ్లీ బిగిస్తా" అని స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపింది. అది డ్రైవరు సీటు వెనకే ఉంది, ఏదీ కదపకుండానే తీసి ఇచ్చాను.